సెలైన్‌తో పెరిగేది అంకె మాత్రమే

తీవ్రంగా గాయపడి నెత్తురోడుతున్న మనిషికి సెలైన్ సీసా మీద సీసా ఎక్కించి, రక్తపోటు మామూలు స్థాయికి రాగానే గండం గడిచిందనుకునే అలవాటును వైద్యం ఇప్పటికైనా పూర్తిగా వదులుకోవాలి. ఆ అలవాటు గాయపడిన శరీరం తనంతట తాను చేసుకుంటున్న రక్షణకే అడ్డు తగులుతోంది.

రక్తం పోవడం మొదలవగానే శరీరం చర్మానికీ పేగులకూ వెళ్లే నాళాలను బిగించి, గుండె వేగం పెంచి, మిగిలిన రక్తాన్ని మెదడుకూ గుండెకూ మళ్లిస్తుంది. పడిపోయిన రక్తపోటు కూడా కొంతవరకు మేలే చేస్తుంది: తెగిన నాళం దగ్గర ఒత్తిడి తగ్గడంతో అక్కడ అప్పుడే ఏర్పడుతున్న లేత గడ్డ నిలదొక్కుకుంటుంది. ఆ సమయంలో లీటర్ల కొద్దీ సెలైన్ ఎక్కిస్తే పెరిగిన ఒత్తిడికి ఆ గడ్డ ఊడిపోవచ్చు, రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలు పలచబడతాయి, వెచ్చచేయని ద్రవం వల్ల ఒళ్లు మరింత చల్లబడుతుంది. రక్తంలో కన్నా సెలైన్‌లో క్లోరైడ్ చాలా ఎక్కువ, లీటరుకు 154 మిల్లీమోల్‌లు. ఆక్సిజన్ అందని కణాల నుంచి అప్పటికే పేరుకుంటున్న ఆమ్లానికి అది ఇంకొంత ఆమ్లత్వాన్ని జోడిస్తుంది. చలిలోనూ ఆమ్లంలోనూ గడ్డకట్టే ప్రక్రియ మందగించి రక్తం ఇంకా కారుతుంది, దానితో ఒళ్లు ఇంకా చల్లబడుతుంది. ఇంత చేసి ఎక్కించిన ద్రవంలోనూ ఎక్కువ భాగం నాళాల్లో నిలవక కణజాలంలోకి జారి, ఊపిరితిత్తులనూ పేగులనూ ఉబ్బిస్తుంది.

ఇది నిన్న మొన్న తెలిసిన సంగతి కాదు. రక్తస్రావాన్ని ఆపకముందే ఒత్తిడి పెంచితే దక్కాల్సిన రక్తం కూడా పోతుందని అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1918లోనే హెచ్చరించారు. మొండెంలో తూటా, కత్తి గాయాలై రక్తపోటు పడిపోయిన 598 మందిపై హ్యూస్టన్‌లో జరిగిన అధ్యయనం 1994లో వెలువడింది. వెంటనే ద్రవాలు ఎక్కించినవారిలో 62 శాతం మంది బతికితే, శస్త్రచికిత్స దాకా ఆగినవారిలో 70 శాతం మంది బతికారు.

తలకు దెబ్బ తగిలినవారి విషయం వేరన్నది నిజం. తక్కువ రక్తపోటు దెబ్బతిన్న మెదడుకు హాని చేస్తుంది. రక్తం దొరకని చోట నాడి అందకుండా పోతున్నప్పుడు కాస్త సెలైన్ తప్పదన్న వాదననూ ఒప్పుకుంటాను. అయితే ఆ మినహాయింపులను చూపి పాత అలవాటును అందరికీ కొనసాగించడం సరికాదు.

అసలు జబ్బు అంకెల మీద మోజు. తెర మీద రక్తపోటు 120 కనిపించినంత మాత్రాన కణానికి ఆక్సిజన్ అందుతున్నట్టు కాదు. ఆ సంగతి ఆక్సిజన్ చాలనప్పుడు కణాల నుంచి రక్తంలో పేరుకునే లాక్టేట్ మెరుగ్గా చెబుతుంది. పోయింది రక్తం కనుక ఇవ్వాల్సిందీ రక్తమే: ఎర్రకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు సమపాళ్లలో. నిల్వ రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్, గడ్డకట్టడానికి కావలసిన కాల్షియాన్ని పట్టేస్తుంది కాబట్టి ఆ కాల్షియాన్నీ భర్తీ చేయాలి. గడ్డ కరగకుండా కాపాడే ట్రానెక్సామిక్ యాసిడ్ 20 వేల మందికి పైగా క్షతగాత్రులపై జరిగిన పరీక్షలో మరణాలను తగ్గించింది. కానీ గాయమైన మూడు గంటలు దాటాక ఇచ్చినప్పుడు రక్తస్రావ మరణాలు పెరిగాయి. ఒకే మందు ఒక గంటలో రక్షణగానూ మరో గంటలో ముప్పుగానూ మారుతున్నప్పుడు, రక్తం ఎక్కడి నుంచి, ఎప్పటి నుంచి పోతోందన్న ప్రశ్న రక్తపోటు ఎంతన్న ప్రశ్న కన్నా ముందు రావాలి.