ఎర్ర లైటు వెలిగితే ఆయిల్ పంపు పోయినట్టేనా?

వాట్సాప్‌లో తెగ తిరుగుతున్న సందేశం ఇది: "ఎర్ర ఆయిల్ లైటు వెలిగిందంటే పంపు పోయినట్టే, కొత్తది వేయించండి. సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) విప్పక్కర్లేదు, రెండు గంటల పని. ఖర్చెందుకనుకుంటే 20డబ్ల్యూ-50 (చిక్కటి ఆయిల్) పోయండి, లైటు ఆరిపోతుంది. కొత్త పంపు బిగించాక కాసేపు రేజ్ చేస్తే ప్రెషర్ అదే వస్తుంది." ఇందులో ఒక్క ముక్కా పూర్తిగా నిలబడదు.

మొదట లైటు సంగతి. దాన్ని వెలిగించే స్విచ్, చాలా పెట్రోలు కార్లలో ప్రెషర్ సుమారు 0.3 బార్ దగ్గరికి పడిపోతే పనిచేస్తుంది. ఎందుకు పడిందో దానికి తెలియదు. కాబట్టి ముందు ఇంజన్ ఆపి డిప్‌స్టిక్ చూడండి. లెవెల్ సరిగ్గా ఉంటే స్విచ్ ఊడదీసి, అదే మరలో మెకానికల్ గేజ్ బిగించి, ఇంజన్ బాగా వేడెక్కాక కొలవాలి. మాన్యువల్ అంకె దొరక్కపోతే, ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకి 10 పీఎస్ఐ అన్న పాత లెక్క పనికొస్తుంది. గేజ్‌లో ప్రెషర్ బాగుంటే పోయింది స్విచ్చే.

తక్కువ చూపించినా పంపు మీదికే దూకొద్దు. ఐడ్లింగ్‌లో బాగుండి, రేజ్ చేసేకొద్దీ పడిపోతుంటే సంప్‌లోని స్ట్రెయినర్ జాలీ మూసుకుపోయిందేమో చూడండి. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక ఐడ్లింగ్‌లో పడిపోతుంటే మెయిన్, బిగ్ ఎండ్ షెల్స్ (క్రాంక్ షాఫ్ట్ బేరింగులు) అరిగి ఉండొచ్చు. అరిగిన సందుల్లోంచి ఆయిల్ జారిపోతుంటే కొత్త పంపు తెచ్చి ఏం లాభం? రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ ఎక్కువైతే తెరుచుకునేది) ప్లంజర్ చిన్న రజను ముక్కకు తెరుచుకుని ఇరుక్కోవడం, సంప్‌లోంచి ఆయిల్ లాగే పికప్ పైపు ఓ-రింగ్ (రబ్బరు సీలు) గట్టిపడి గాలి లాగడం కూడా మామూలే. ఫోర్డ్ 1.0 ఎకోబూస్ట్ లాంటి ఇంజన్లలో బెల్టు ఆయిల్‌లోనే తిరుగుతుంది. అది పొట్టు రాలిస్తే వెళ్లి పడేది ఆ జాలీలోనే.

సంప్ విప్పక్కర్లేదన్నది అన్ని ఇంజన్లకూ కుదరదు. సుజుకీ జి సిరీస్‌నే తీసుకోండి. పంపు క్రాంక్ ముందు కొసన, టైమింగ్ బెల్టు వెనక ఉంటుంది, దాని అడుగు అంచు సంప్‌కి ఆనుకుంటుంది. బెల్టు, సంప్, స్ట్రెయినర్ తీశాకే పంపు బయటికొస్తుంది. తీశాక ఫీలర్ గేజ్ (సందులు కొలిచే పలచటి రేకులు) పెట్టండి: పంపులో తిరిగే రెండు రోటర్లలో బయటిదానికీ కేసుకీ మధ్య 0.31 మి.మీ., పక్క సందు 0.15 మి.మీ. దాటితేనే మార్చాలి. బిగించేటప్పుడు కొత్త క్రాంక్ సీల్ వేసి, దాని పెదవికి ఆయిల్ రాయండి. సంప్ అంచుకి గమ్ (సీలు వేసే జిగురు) సుమారు 3 మి.మీ. గీత చాలు. ఎక్కువ పూస్తే లోపలికి పొంగి, ఊడి, మళ్లీ జాలీకే అడ్డం పడుతుంది. ఈ పొరపాటు ఎంత మామూలో చెప్పక్కర్లేదు!

చిక్కటి ఆయిల్ లైటు ఆర్పడం నిజమే. కానీ గేజ్ చూపేది ప్రెషర్, బేరింగులకు అందిన ఆయిల్ ఎంతో కాదు. పలచటి 5డబ్ల్యూ-30 కోరే ఇంజన్‌లో పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు చిక్కటి ఆయిల్ పైన క్యామ్ దాకా ఆలస్యంగా చేరుతుంది, రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని కొంత వెనక్కే పోతుంది.

అన్నిటికన్నా ప్రమాదం చివరి సలహాది. పొడిగా ఉన్న రోటర్లు సరిగ్గా పీల్చలేవు, ఆయిల్ తడే వాటికి సీలు. కేసు మూసే ముందు రోటర్ల సందుల్లో ఇంజన్ ఆయిల్ నింపండి. ఫిల్టర్ నిలువుగా బిగించేదైతే దాన్నీ నింపండి. ఫ్యూయల్ పంప్ ఫ్యూజు తీసి పది పది సెకన్లు స్టార్టర్ తిప్పండి, మధ్యలో దాన్ని చల్లారనివ్వండి. లైటు ఆరాకే ఫ్యూజు పెట్టి స్టార్ట్ చేయాలి. రేజ్ వద్దు. స్టార్టయ్యాక ఐదారు సెకన్లలో లైటు ఆరకపోతే వెంటనే ఆపేసి, పికప్ పైపు ఓ-రింగ్ సరిగ్గా కూర్చుందో లేదో మళ్లీ విప్పి చూడండి.