పదకొండో నంబరు హెచ్చరిక

విశాఖ పోర్టులో ఎగరేసే తుఫాను హెచ్చరికలు పదో నంబరు దాకా అందరికీ కంఠతా వచ్చు. టీవీ స్క్రోలింగ్‌లో పది కనబడగానే పాల ప్యాకెట్లు, కొవ్వొత్తులు, ఇన్వర్టరుకి డిస్టిల్డ్ వాటరు కొనడానికి బయల్దేరతాం. దాని పైన పదకొండోది ఒకటుందని తెలిసినవాళ్ళు తక్కువ. గాలి ఇంకా పెరిగినప్పుడు ఎగరేసే నంబరు కాదది. తుఫాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, వాతావరణం మాత్రం ప్రమాదంగానే ఉందని స్థానిక అధికారి భావిస్తున్నాడని దానర్థం. అంటే సర్కారు వారి లెక్కలో పెనుగాలి కన్నా పైమెట్టు మీద కూర్చున్నది కబురు అందకపోవడం.

2014 అక్టోబర్ 12 ఆదివారం హుద్‌హుద్ తీరం దాటినప్పుడు ఊరికి ఆ పైమెట్టు రుచి తెలిసింది. కరెంటు పోయింది, టవర్లు పోయాయి, ఖరీదైన ఫోన్లన్నీ టార్చిలైట్లయ్యాయి. గాజువాకలో అన్నయ్య ఎలా ఉన్నాడో ఎంవీపీ కాలనీలో చెల్లెలికి తెలియాలంటే కూలిన చెట్లు దాటుకుంటూ మనిషి వెళ్ళాల్సిందే. అప్పట్నించీ చైతన్యం బాగా పెరిగింది. చైతన్యం పెరిగిన మధ్యతరగతి ఏం చేస్తుంది? ఆన్‌లైన్లో ఆర్డరు పెడుతుంది. అలా వచ్చిన వాకీటాకీలు అపార్ట్‌మెంటు అసోసియేషన్ల అలమరల్లో, స్క్రీను మీది ప్లాస్టిక్ పొర కూడా తియ్యకుండా, కుంకుమ బొట్లతో భద్రంగా ఉన్నాయి. ఈ సంప్రదాయం చెడకుండా నిలబెట్టుకోవడానికి కొన్ని సలహాలు చెప్పుకోవాలి.

కొనేటప్పుడు ఎన్ని వాట్లు, ఎంత డిస్కౌంటు అన్న రెండు ప్రశ్నలు చాలు. లైసెన్సు ఊసెత్తడం అపశకునం. ఎత్తారంటే లేనిపోనివన్నీ బయటపడతాయి. లైసెన్సు లేకుండా సామాన్యుడు వాడుకోదగ్గ చేతిసెట్టు 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసేది, శక్తి అర వాటు, దానికి ఈటీఏ అనే ప్రభుత్వ ఆమోదం ఉండాలి. 27 మెగాహెర్ట్జ్ సిటిజన్ బ్యాండుకీ లైసెన్సు అక్కర్లేదు గానీ, తరంగంలో పావు వంతు పొడవుండే దాని క్వార్టర్ వేవ్ ఏంటెన్నా రెండున్నర మీటర్ల పైమాటే, లిఫ్టులో పట్టదు. ఇక అందరూ మోజుపడే బావోఫెంగ్ తరహా ఐదు వాట్ల సెట్టు హ్యామ్, అంటే సరదాగా రేడియో నడిపే ఔత్సాహికుల లైసెన్సు ఉన్నవాళ్ళది. వాళ్ళైనా 144 నుంచి 146, 434 నుంచి 438 మెగాహెర్ట్జ్ హద్దుల్లోనే మాట్లాడాలి. లైసెన్సు లేనివాడు దాన్ని వాడటమే కాదు, దగ్గర పెట్టుకోవడమూ తప్పే.

ఆ సెట్టుకి మాత్రం హద్దులు తెలియవు. 156.8 దగ్గరికి తిప్పితే సముద్రంలో పడవలు ఆపదలో పిలిచే పదహారో చానెల్ తగులుతుంది. తూర్పు నౌకాదళానికి కేంద్రస్థానమైన ఊళ్ళో, చేపల రేవుకి కూతవేటు దూరంలో డాబా మీద నుంచుని, ఆ చానెల్లో ‘హలో మైక్ టెస్టింగ్ వన్ టూ త్రీ’ అనగల గుండెధైర్యం సామాన్యమైనది కాదు. ఫ్రీక్వెన్సీ, లైసెన్సు వివరాలు దాచి వాకీటాకీలు అమ్మకూడదని 2025లో సెంట్రల్ కన్స్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీ ఆన్‌లైన్ దుకాణాలకు మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. మనం చదివేది రేటు ఒక్కటే కనుక ఇబ్బంది లేదు.

డబ్బా మీద పది కిలోమీటర్లని ఉంటుంది. అది అబద్ధం కాదు. ఏంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే రేడియో చూపు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. నోటి దగ్గర మీటరున్నర ఎత్తులో పట్టుకుంటే ఐదు. ఎదుటివాడిది ఇంకో ఐదు. మొత్తం పది. లెక్క కుదిరింది. కాకపోతే ఇద్దరి మధ్యా సముద్రం ఉండాలి, సీతమ్మధార ఉండకూడదు. ఇనుప చువ్వల శ్లాబులు, లిఫ్టు గోడలు, నీళ్ళ ట్యాంకుల నడుమ అర వాటు సెట్టు కిలోమీటరు అందుకుంటే గొప్ప. సెల్లారులో ఉన్న వాచ్‌మన్‌కి ఐదో అంతస్తు విదేశం.

పైగా మనది కొండల ఊరు. ఎంవీపీ కాలనీకీ సాగర్ నగర్‌కీ మధ్య కైలాసగిరి కూర్చుంది. గోపాలపట్నానికీ మధురవాడకీ మధ్య సింహాచలం కొండలున్నాయి. ఎన్ని వాట్ల సెట్టు తెచ్చినా అప్పన్న కొండ పక్కకి జరగదు. అదే 100 మీటర్ల ఎత్తున ఒక మనిషి ఉంటే అతని చూపు 41 కిలోమీటర్లు, కిందవాడి ఐదూ కలిస్తే 46. కొండకి రెండు వైపులా వినబడేచోట నుంచుని, ఇటు విన్నది అటు చెప్తే పని జరిగిపోతుంది. వాట్ల మీద పెట్టే డబ్బుతో ఎత్తులో ఉన్న స్నేహితుణ్ణి ఒకణ్ణి సంపాదించుకోవచ్చన్న మాట. అయితే ఇదంతా గాలి తగ్గాక. ఈదురుగాలిలో కొండ సరేసరి, డాబా కూడా ఎక్కకూడదు. ఎగిరొచ్చే రేకుకి రేడియోలో మన గుర్తింపు పేరైన కాల్ సైన్‌తో పని లేదు.

వాట్ల మోజు గురించి ఇంకో మాట. ఐదు వాట్లకి బదులు ఎనిమిది వాట్ల సెట్టు కొంటే లాభం సిగ్నల్ బలం కొలతలో రెండు డెసిబెల్స్. వినేవాడి సిగ్నల్ మీటరు పద్ధతి ప్రకారం ఒక్క గడి కదలాలంటే ఆరు డెసిబెల్స్ కావాలి, అంటే శక్తి నాలుగు రెట్లవ్వాలి. మన ఎనిమిది వాట్లు ఆ గడిలో మూడో వంతు కదిపి, బ్యాటరీని మాత్రం శ్రద్ధగా తాగేస్తాయి. ఇంతకన్నా చవకైన ఉపాయాలున్నాయి గానీ, ఖర్చు లేనివాటికి కమిటీల్లో విలువ ఉండదు. ఏంటెన్నాని నిటారుగా పట్టుకోవడం, నడుముకి తగిలించుకుని మాట్లాడకుండా మొహం దగ్గరికి తెచ్చుకోవడం, మాట తెగుతుంటే ఒక్క అడుగు పక్కకి జరగడం. 446 దగ్గర తరంగం పొడవు 67 సెంటీమీటర్లే. గోడల మీద పడి తిరిగొచ్చిన తరంగాలు ఒకచోట ఒకదాన్నొకటి కొట్టుకుంటే, మూరెడు అవతల కలిసొస్తాయి. ఏంటెన్నా విప్పుకునే సెట్లలో దాన్ని విప్పేసి బటన్ నొక్కితే శక్తి బయటికి పోలేక వెనక్కి తిరుగుతుంది, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ కాలిపోవచ్చు. మనవలకి ఆడుకోవడానికిచ్చేవాళ్ళు ఇది గుర్తుంచుకుంటే రిపేరు షాపువాళ్ళకి అన్యాయం చేసినట్టే.

సెట్టింగులు ఎవరి ఇష్టం వాళ్ళు పెట్టుకోవడం మన ప్రజాస్వామ్య హక్కు. వాటిలో టోను ఒకటి. మాటతో పాటు వెళ్ళే సన్న స్వరం అది, అదే టోను పెట్టుకున్న సెట్టే నోరు తెరుస్తుంది. ఏ బ్లాకాయన టోను 67.0 హెర్ట్జ్, సీ బ్లాకాయన టోను 88.5. చానెల్ ఒకటే. అప్పుడు ఏమవుతుందంటే, ఏ బ్లాకాయన గొంతు చించుకుంటున్నంతసేపూ సీ బ్లాకాయన సెట్టు మీద పచ్చలైటు వెలుగుతుంది, మాట రాదు. ఆయన సెట్టుని చెవి దగ్గర ఊపుతాడు, వెనక తడతాడు, చివరికి ‘చైనా సరుకు’ అని తీర్మానిస్తాడు. పక్కనున్న మోని (మానిటర్) బటన్ నొక్కితే టోను అడ్డు తొలగి మాట వినబడేది. ఒక కంపెనీ సెట్లో 12వ కోడు, ఇంకో కంపెనీ సెట్లో 12వ కోడు ఒకటే టోను కావాలని లేదు. హెర్ట్జ్ అంకె సరిచూసుకోవాలి, లేదా టోనే తీసేయాలి. విపత్తు వేళ తీసేయడమే మేలు. ఈ టోనుకి కంపెనీలు ‘ప్రైవసీ కోడ్’ అని పేరు పెట్టాయి. మన మాట ఊరంతా వింటుంది, ఊరి మాట మనకి వినబడదు. అసోసియేషన్ మీటింగులకి వెళ్ళేవాళ్ళకి ఇది కొత్త కాదు.

వోక్స్ అని ఇంకో సదుపాయం ఉంది. బటన్ నొక్కనక్కర్లేదు, చప్పుడు వినగానే సెట్టే ప్రసారం మొదలెడుతుంది. తుఫాను రాత్రి దాన్ని ఆన్ చేసి కిటికీ పక్కన పెడితే, కిటికీ రెక్క కొట్టుకున్నప్పుడల్లా ఆ చప్పుడు చానెల్ మీదికి వెళ్తుంది. మిగతావాళ్ళెవరికీ మాట్లాడే సందు దొరకదు. బ్యాటరీ తెల్లారేలోపు చస్తుంది.

మాట్లాడే పద్ధతి విషయంలో మనకి శిక్షణ అక్కర్లేదన్న అభిప్రాయం బలంగా ఉంది. రెండు బ్లాకుల మధ్య మామూలుగా నడిచేది ఇలా ఉంటుంది:

‘హలో, బావగారూ, వినబడుతోందా?’

‘...డుతోందా?’

‘నాకు వినబడుతోంది. మీకు?’

‘...కు?’

‘భోజనాలయ్యాయా?’

బటన్ నొక్కిన క్షణంలోనే మాట మొదలుపెడితే మొదటి అక్షరాలు తెగిపోతాయి. నొక్కి, ఒక సెకను ఆగి, మైకుకి నాలుగు వేళ్ళ దూరంలో, అరవకుండా మాట్లాడాలి. ముందు పిలిచేవాళ్ళ పేరు, తర్వాత మన పేరు, విషయం, చివర ‘ఓవర్’, వెంటనే బటన్ వదలాలి. ఇద్దరూ ఒకేసారి నొక్కితే ఇద్దరికీ ఏమీ వినబడదు, ఇద్దరూ తామే మాట్లాడామనుకుంటారు. అందుకే ఎవరు ఎప్పుడు మాట్లాడాలో చెప్పే మనిషి ఒకరుండాలి. ఆ పని ప్రెసిడెంటు గారికి ఇవ్వకపోవడం మంచిది. అది తక్కువ మాట్లాడేవాళ్ళు చేయాల్సిన పని.

తెలుగు అంకెలు రేడియోలో చేసే మోసం ఇంకొకటి. బురబుర శబ్దంలో ఇరవై, అరవై ఒకటే. ‘మామ్మగారికి ఇన్సులిన్ ఇరవై యూనిట్లు’ అన్నది అవతల అరవై అయితే ఆ తర్వాత రేడియోతో పని ఉండదు. ‘రెండు, సున్నా’ అని విడివిడిగా చెప్పాలి, విన్నవాడు తిరిగి అప్పజెప్పాలి. ఊరి పేర్లూ అంతే. సీతమ్మధారలో సగం తెగితే సీతమ్మపేట కావచ్చు. పెద వాల్తేరో చిన వాల్తేరో తేలకుండా ‘వాల్తేరు’ ఒక్కటే మిగిలితే అంబులెన్సుకి ఎటు తిరగాలో తెలీదు. ఎవరు, ఎక్కడ, ఏమైంది, ఎంతమంది, ఏం కావాలి అన్నది ముందు కాగితం మీద పెన్సిల్‌తో రాసుకుంటే అర నిమిషంలో చెప్పడం అయిపోతుంది. ఇంకు పెన్నుతో రాస్తే తడికి అలుక్కుపోతుంది.

బ్యాటరీని చంపడానికి అలమర ప్రశస్తమైన చోటు. నిండా ఛార్జి చేసి మే నెల ఎండల్లో నెలల తరబడి ఉంచితే లిథియం బ్యాటరీ శక్తి తనంతట తానే తరిగిపోతుంది. సగం ఛార్జితో, సెట్టు నుంచి విడదీసి పెట్టి, మూడు నెలలకోసారి చూసుకుని, అక్టోబర్ వచ్చేసరికి నిండా ఎక్కించుకునేవాళ్ళు సంప్రదాయ ద్రోహులు. పెన్సిల్ సెల్లుల సెట్టయితే సెల్లులు లోపలే వదిలేస్తే కారి, స్ప్రింగుల్ని తినేస్తాయి. మన ఉప్పుగాలి మిగతా పని చేస్తుంది. ఇత్తడి కొసలు పచ్చగా చిలుం పట్టి, ఛార్జరు లైటు వెలుగుతున్నా ఛార్జి ఎక్కదు. స్పిరిట్ ముంచిన దూదితో తుడిచి, జిప్ కవర్లో సిలికా జెల్ పొట్లంతో పెడితే సరిపోతుంది. కరెంటు పోయాక అడాప్టరు ఛార్జరు దేనికీ కొరగాదు. పవర్ బ్యాంకు నుంచి ఛార్జి అవుతుందో లేదో ఎండ కాసే రోజునే చూసుకోవాలి.

1800 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్న ఐదు వాట్ల సెట్టు ప్రసారంలో దాదాపు ఆంపియరున్నర లాగుతుంది. నొక్కి పట్టుకుంటే గంటా పావు కూడా రాదు. అందుకని తెలిసినవాళ్ళు ఒక ఒప్పందం రాసుకుంటారు. ఫలానా చానెల్, టోను లేదు, ప్రతి గంటకీ మొదటి ఐదు నిమిషాలు సెట్టు ఆన్, మిగతా సమయం ఆఫ్. రోజు మొత్తానికి రెండు గంటలు. ఆ కాగితం ప్రతి సెట్టుకీ వెనకాల టేపుతో అంటించి ఉంటుంది. ఇంకో ముఖ్యమైన సంగతి కూడా వాళ్ళకి తెలుసు. ఈ సెట్టు 108కి గానీ 112కి గానీ వెళ్ళదు, పోలీసులు 446 మీద చెవి ఒగ్గి కూర్చోరు. మనం ముందుగా మాట్లాడి పెట్టుకున్న మనిషి అదే గంటకి, అదే చానెల్లో ఉంటేనే ఎవరైనా వినేది.

జిల్లా దాటి వినబడాలంటే హ్యామ్‌లున్నారు. కేంద్ర టెలికాం శాఖ పెట్టే పరీక్ష రాయాలి, పన్నెండేళ్ళు నిండిన ఎవరైనా రాయొచ్చు. రేడియో సిద్ధాంతం ఒక భాగం, నిబంధనలు ఒక భాగం. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకి వీయూ3తో మొదలయ్యే కాల్ సైన్ వస్తుంది. ఆరో తరగతి నుంచే పిల్లలకి ఐఐటీ ఫౌండేషన్ చెప్పించే ఊళ్ళో, ఈ పరీక్ష మరీ కష్టమని పెద్దలు తేల్చారు.

ఇవన్నీ చర్చించి విపత్తు కమ్యూనికేషన్ కమిటీ ఆమోదించిన తీర్మానాలు ఇలా ఉన్నాయి. ఒకటి, ఆరు సెట్లకీ నూలు కవర్లు కుట్టించాలి. రెండు, కవర్ల రంగు మీద వచ్చిన అభ్యంతరాల పరిశీలనకి ఉపసంఘం వేయాలి. మూడు, ప్రతి ఆదివారం పది నిమిషాలు సెట్లు ఆన్ చేసి మాట్లాడుకోవాలన్న ప్రతిపాదన వాయిదా. అలమర తాళం సెక్రటరీ గారి దగ్గరుంది. ఆయన కూతురి పురిటికి డాలస్ వెళ్ళారు. జనవరిలో వస్తారు.