ఓమెర్ లెక్కలో రోజులు పెరగాలి, తరగకూడదు
యూదుల పస్కా పండుగ రెండో రాత్రి మొదలై షావుఓత్ అనే వారాల పండుగ వరకు సాగే ఓమెర్ లెక్క (పూర్వం దేవాలయంలో అర్పించిన యవల కొలత పేరిట 49 రోజులను రోజుకొకటిగా లెక్కించడం) కోసం ఇంట్లోనే కాగితపు రింగుల గొలుసు చేసి, పిల్లల చేత రోజుకో రింగు చింపించాలని ఒక వ్యాసంలో సూచించారు. పిల్లలను ఇందులో కలుపుకోవాలన్న మాట నిజమే గాని, చింపే పద్ధతితో నేను ఏకీభవించలేను. ఆ 49 రోజులనూ యూదులు ఒకటి నుంచి పైకే లెక్కిస్తారు. మొదటి వారం నిండాక వారాలతో కలిపి, "నేటికి ఎనిమిది రోజులు, అనగా ఒక వారం ఒక రోజు" అని చెబుతారు. పైగా నిష్ఠగా ఉండే ఇళ్లలో శుక్రవారం సాయంత్రం మొదలయ్యే వారపు విశ్రాంతి దినమైన సబ్బాతునాడు కాగితం చింపడం, రాయడం, అతికించడం నిషిద్ధం కాబట్టి ప్రతి శుక్రవారం రాత్రీ ఆ గొలుసు దగ్గర చిక్కు వస్తుంది. న్యూజెర్సీలో మా పక్కింటి యూదు కుటుంబం చేసుకున్న అట్ట నాకెంతో నచ్చింది: ఏడు వరుసలు, వరుసకు ఏడు జేబులు, చీకటి పడ్డాక పెద్దలు ఆశీర్వచనం చదివి రోజు చెప్పగానే వాళ్ల చిన్నమ్మాయి యవల కంకి బొమ్మ గీసిన చీటీని తర్వాతి జేబులోకి మారుస్తుంది. ఈ లెక్కలో 33వ రోజున మంటలు వేసి జరుపుకునే లాగ్ బఓమెర్ పండుగకు గుర్తుగా 33వ జేబు మీద మంట బొమ్మ ఉంటుంది. ఆశీర్వచనానికి ముందే ఆ రాత్రి సంఖ్య పలకకూడదన్నది వారి నియమం కనుక, ఎవరైనా అడిగితే నిన్నటి సంఖ్యే చెబుతారు, చీటీని కూడా ముందుగా కదపనివ్వరు. ఒక రాత్రీ మర్నాటి పగలూ పూర్తిగా మరచిపోతే ఆపై ఆశీర్వచనం లేకుండానే లెక్కించాలి. అందుకే అట్టను భోజనాల బల్ల పక్కనే తగిలించారు. గొలుసే కావాలనుకునేవారు 49 రింగులూ ముందే చేసి పెట్టుకుని, రాత్రికొకటి చొప్పున కొక్కేనికి తగిలించుకోవచ్చు.