షిఫ్ట్ కీ నొక్కితే ఊడిపోయే సెక్యూరిటీ

ఇప్పుడే ఒక మహానుభావుడు తను అమ్మబోయే యాక్సెస్ (మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ప్రోగ్రామ్) అప్లికేషన్ పంపి "దీన్ని ఎవడూ కాపీ కొట్టలేడు, చూడండి" అన్నాడు. షిఫ్ట్ పట్టుకుని ఫైల్ తెరిస్తే లాగిన్ ఫారం ఊసే లేదు, టేబుళ్లన్నీ ఎదురుగా ఉన్నాయి. అందులో లైసెన్స్ టేబుల్, దాంట్లో గడువు తేదీ. 2099 అని కొట్టుకుంటే సరి. తాళం వేసితిని, గొళ్లెం మరచితిని!

"అలోబైపాస్‌కీ ఫాల్స్ చేసేస్తా" అని జవాబు, అంటే ఆ షిఫ్ట్ దారిని మూసే సెట్టింగ్ అన్నమాట. చెయ్యండి, చెయ్యాలి కూడా. కానీ ఇంకో ఖాళీ డేటాబేస్ నుంచి డీఏఓతో (కోడ్ నుంచి డేటాబేస్ తెరిచే లైబ్రరీ) ఆ ఫైల్ తెరిచి మళ్లీ ట్రూ చెయ్యడానికి నాలుగు లైన్ల కోడ్ చాలు. ఇంకొందరు ఫైల్ పేరు చివర ఏసీసీడీబీ (మామూలు యాక్సెస్ ఫైల్) తీసేసి ఏసీసీడీఆర్ (వాడుకోవడానికే తెరుచుకునేది) అని మార్చి ఇస్తారు. అవతలివాడికి తిరిగి ఏసీసీడీబీ అని మార్చడం రాదనా?

ఏసీసీడీఈ (కోడ్ కంపైల్ చేసేసిన ఫైల్) చేసి ఇవ్వండి బాబూ. వీబీఏ సోర్స్, అంటే మీరు రాసిన కోడ్, ఎగిరిపోతుంది, ఫారాలు, రిపోర్టులు డిజైన్‌లో తెరుచుకోవు. టేబుళ్లు, క్వెరీలు, మాక్రోలు మాత్రం ఎవరైనా ఇంపోర్ట్ చేసుకోవచ్చు, కాబట్టి అసలు లాజిక్‌ని క్వెరీల్లో పెట్టి దాచేశామని మురిసిపోకండి. అన్నట్టు, 64 బిట్ ఆఫీస్‌లో చేసిన ఏసీసీడీఈ 32 బిట్‌లో తెరుచుకోదు. ఇది తెలియక "వైరస్ ఉందేమో" అని కొన్నవాడి మీదే నెట్టేసే ఘనులున్నారు. బ్యాకెండ్‌కి (టేబుళ్లుండే ఫైల్) పాస్‌వర్డ్ పెట్టి నిశ్చింతగా పడుకునేవాళ్లకి ఇంకో శుభవార్త: లింక్ చేసిన టేబుళ్ల పాస్‌వర్డ్ ఫ్రంటెండ్‌లోని (ఫారాలుండే ఫైల్) ఎంసిస్‌ఆబ్జెక్ట్స్ అనే సిస్టమ్ టేబుల్‌లో, కనెక్ట్ కాలమ్‌లో, చదువుకునేలా ఉంటుంది.

లైసెన్స్ చెక్ స్టార్టప్ ఫారంలో ఒక్కచోటే పెడితే నావిగేషన్ పేన్ నుంచి నేరుగా బిల్లింగ్ ఫారం తెరుస్తారు. ముఖ్యమైన ప్రతి ఫారం ఓపెన్ ఈవెంట్‌లోనూ చెక్ ఉండాలి, ఫెయిలైతే క్యాన్సెల్ ట్రూ చేసి ఫారం తెరుచుకోకుండా ఆపాలి. ఇక లైసెన్స్ కీని ఒక్క కంప్యూటర్‌కే కట్టెయ్యడానికి మెషీన్ గుర్తు. కోడ్‌లో డిస్క్ వివరాలడిగే ఫైల్‌సిస్టమ్‌ఆబ్జెక్ట్ ఇచ్చేది డిస్క్ సీరియల్ కాదు, వాల్యూమ్ సీరియల్ (ఫార్మాట్ చేసినప్పుడు పడే నంబర్). ఫార్మాట్ చేస్తే మారిపోతుంది, కావాలని మార్చే టూల్ కూడా ఉచితమే. మదర్‌బోర్డ్ సీరియల్ అడిగితే కొన్ని బోర్డులు "టు బి ఫిల్డ్ బై ఓఈఎం" అంటాయి, అంటే తయారీదారు నంబర్ నింపనేలేదు. అలాంటి బోర్డులన్నిటికీ ఒకే కీ, బంపర్ ఆఫర్! రెండు మూడు గుర్తులు కలపండి. కీ తయారుచేసే రహస్యం అప్లికేషన్‌లో ఉండకూడదు. సంతకం పెట్టే ప్రైవేట్ కీ మీ దగ్గర, సంతకం సరిచూసే పబ్లిక్ కీ మాత్రం లోపల. ట్రయల్ ఇస్తే చివరిసారి వాడిన తేదీ దాచండి, లేకపోతే గడియారం వెనక్కి తిప్పి ఏళ్ల తరబడి వాడతారు.

అసలు ఒళ్లు మండేది ఇంకోటుంది. గడువు దాటితే టేబుళ్లు చెరిపేసే కోడ్ రాసి, దానికి "ప్రొటెక్షన్" అని పేరు పెట్టుకునేవాళ్లు. ఆ బిల్లులు, ఆ ఖాతాలు కొన్నవాడివయ్యా, మీ అబ్బసొత్తు కాదు. కొత్త ఎంట్రీలు ఆపండి, చూసుకోవడం, ఎక్స్‌పోర్ట్ చేసుకోవడం వదిలెయ్యండి. ఇవేవీ చెయ్యరు. దొంగ కాపీవాడు ఆ లైసెన్స్ చెక్ తీయించేసుకుని హాయిగా ఉంటాడు. డబ్బు కట్టినవాడి డిస్క్ పోయి కొత్తది వేసుకుంటే మాత్రం కీ చెల్లదు, అమ్మినవాడు ఫోనెత్తడు. ఎత్తినా, మళ్లీ కీ ఇవ్వడానికి వేరే రేటు చెప్తాడు.