పూతరేకుకి ఎన్ని పొరలు?

పోయిన దసరాకి ఆత్రేయపురం నుంచి అమెరికాలో ఉన్న మా ఇంటికి పూతరేకుల పార్సిల్ వచ్చింది. విప్పడం మొదలుపెట్టాను. ముందు కొరియర్ వాళ్ల ప్లాస్టిక్ సంచి. దాంట్లో అట్టపెట్టె, నిలువునా అడ్డంగా టేపు. పెట్టెలో బబుల్ షీటు రెండు చుట్లు. అది తీస్తే మిఠాయి పెట్టె, దాని ఒంటికి అతుక్కుపోయినట్టు బిగించిన పల్చటి ప్లాస్టిక్ పొర. పెట్టె అట్టదే గానీ పైన తళతళలాడే లామినేషన్. మూత తీస్తే ప్లాస్టిక్ ట్రే, ట్రేలో ఒక్కో పూతరేకుకి ఒక్కో కవరు, కవరు మీద బంగారు రంగు స్టిక్కరు. ఆ లోపల ఎక్కడో, అన్నిటికన్నా పల్చగా, అసలు సరుకు.

ఇరవై రేకులు. ఇంట్లో చుట్టాలు కూడా ఉన్నారేమో, పావుగంటలో అయిపోయాయి. మా అమ్మాయి చెత్తంతా పోగేసి, "వీటిలో రీసైకిల్ డబ్బాలోకి ఏవి వెళ్తాయి నాన్నా?" అని అడిగింది. నేను పద్దెనిమిదేళ్లుగా లేబుళ్లు అచ్చువేసే కంపెనీలో పనిచేస్తున్నాను. అయినా నీళ్లు నమిలాను. చివరికి టేపు పీకేసి బయటి అట్టపెట్టె ఒక్కటే వెయ్యమన్నాను.

ఆ మిఠాయి పెట్టెకి చుట్టిన పల్చటి పొర సంగతి చెప్పాలి. ఇండియాలో 2022 జూలై 1 నుంచి అది నిషేధం. స్ట్రాలు, ప్లాస్టిక్ చెంచాలు, కప్పులు ఉన్న జాబితాలోనే మిఠాయి పెట్టెలకీ, ఆహ్వాన పత్రికలకీ, సిగరెట్ పెట్టెలకీ చుట్టే పొర అని పేరు పెట్టి మరీ రాశారు. అయినా నా పెట్టెకి వచ్చింది. ఏ దుకాణమో ఇక్కడ అనవసరం. ఫోన్ చేసి అడిగాను. "ఆయ్, ఊళ్లో వాళ్లకైతే వెయ్యమండి. ఫారిన్ అంటే లుక్ ఉండాలి కదండీ" అన్నాడాయన, ఏ దాపరికం లేకుండా.

ఈ వ్యాసం రాయడానికి ఆ ఒక్క మాటే కారణం. ఆ పొరలు మన కోసం పుట్టాయి. మనం వద్దంటే పోతాయి.

మొన్న ఎండాకాలం ఇండియా వెళ్లినప్పుడు ఆత్రేయపురంలో మా పిన్ని ఇంట్లో రెండు రోజులున్నాను. పిన్నీ, ఇంకో నలుగురు ఆడవాళ్లూ కలిసి రేకులు తీస్తారు. బోర్లించిన కుండ, కింద ఎండు కొబ్బరాకుల మంట. జారుగా రుబ్బిన బియ్యప్పిండిలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి పరిస్తే, గుడ్డ తీసేలోపు రేకు పడిపోతుంది. దాన్ని అరచేతిలో పెట్టుకుంటే కిందున్న గీతలు కనిపిస్తాయి. పక్క గదిలో మాత్రం మరో ముగ్గురు కూర్చుని కవర్లు, స్టిక్కర్లు, ట్రేలు. "రేకు తియ్యడం కన్నా దాన్ని ముస్తాబు చెయ్యడానికే ఎక్కువసేపు పడుతోందిరా" అంది పిన్ని. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, వచ్చింది. మంచిదే, ఆ పేరు మీద ఎక్కడివాళ్లో అమ్ముకోకుండా ఉంటుంది. కానీ దానితోపాటు పెట్టెలకి మెరుపులు కూడా పెరిగాయని పిన్ని గొణుగుడు.

పిన్ని పక్షాన ఒక మాట చెప్పాలి. పూతరేకుకి తేమ తగిలిందంటే మెత్తబడి సాగుతుంది, ఇక దాన్ని పూతరేకు అనలేం. పదిహేను రోజుల ప్రయాణంలో గాలీ తడీ చొరకుండా ఒక గట్టి పొర ఉండాల్సిందే. ఒకటి. రేకుకి బట్టర్ పేపర్ చుట్టి, ఇరవైటినీ కలిపి ఒకే సంచిలో సీల్ చేస్తే సరిపోతుంది. ఇరవై కవర్లు, ఇరవై స్టిక్కర్లు, ఒక ట్రే ఎందుకంటే ఎవరి దగ్గరా జవాబు లేదు. "అందరూ వేస్తున్నారు" అన్నదే జవాబు.

నేను వెళ్లినప్పుడు కాలవలు కట్టేసి ఉన్నాయి. ధవళేశ్వరం దగ్గర నీళ్లు ఆపేసి పూడికలు తీసే రోజులు. చిన్నప్పుడు కాలవ కట్టేస్తే మాకు పండగ, బురదలో చేపల కోసం పడేవాళ్లం. ఈసారి లాకుల దగ్గర నిలబడి చూస్తే ఎండిపోయిన గుర్రపుడెక్క మధ్యలో షాంపూ ప్యాకెట్లు, పాల కవర్లు, కడియం నర్సరీల్లో మొక్కలు పెంచే నల్ల కవర్లు. కాలితో గెలికి ఒక పచ్చడి ప్యాకెట్ పైకి తీశాను. బురద తుడిస్తే మామిడికాయ బొమ్మ నిగనిగలాడుతోంది, తయారుచేసినవాళ్ల ఫోన్ నంబరు స్పష్టంగా ఉంది, తేదీ చూస్తే ఆరేళ్ల కిందటిది. ఆ నీళ్లే జూన్‌లో వదిలాక ఊరి మంచినీళ్ల చెరువుల్లోకి పెడతారు.

ఆ ప్యాకెట్ ఎందుకు చావదో నా వృత్తిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. చేతికి ఒకటే కాగితంలా ఉంటుంది గానీ అది మూడు. పైన అచ్చు పట్టడానికి ఒక రకం ప్లాస్టిక్, మధ్యలో గాలి చొరకుండా అల్యూమినియం, లోపల వేడికి అతుక్కోవడానికి ఇంకో రకం ప్లాస్టిక్. వాటిని విడదీయడానికి అయ్యే ఖర్చుకి కొత్తవే కొనుక్కోవచ్చు. అందుకే చిత్తు ఏరుకునేవాళ్లు కూడా వాటిని ముట్టుకోరు. అదృష్టం బాగుంటే సిమెంటు ఫ్యాక్టరీ కొలిమిలోకి వెళ్తుంది, లేదంటే కాలవలోకి.

ఇప్పుడు లేబుల్ దగ్గరికి వస్తాను. అందరూ ప్యాకెట్ గురించి మాట్లాడతారు, స్టిక్కర్‌ని వదిలేస్తారు. నా చిరాకంతా అక్కడే.

మా అమ్మ హార్లిక్స్ సీసా అయిపోగానే రాత్రి నీళ్లలో పడేసేది. పొద్దున్నకి లేబుల్ తనంతట తానే తేలేది, మధ్యాహ్నానికి ఆ సీసాలో మాగాయ ఉండేది. ఆ రోజుల్లో కాగితం లేబుళ్లకి వాడే జిగురు ఎక్కువగా పిండితో చేసిందే, మనం పతంగులకి మైదా ఉడికించి రాసినట్టు. పిండి జిగురు నీళ్లకి లొంగుతుంది. ఇప్పటి స్టిక్కర్ ప్లాస్టిక్ పొర, దానికి రాసేది యాక్రిలిక్ జిగురు. కిందటి నెల ఒక ఆవకాయ సీసాని వేడినీళ్లలో నానబెట్టి, కొబ్బరినూనె రాసి, తినే సోడా వేసి రుద్దాను. సగం ఊడింది, మిగతా సగం జిడ్డుగా మిగిలింది. బంగారంలాంటి గాజు సీసా చెత్తబుట్టలోకి పోయింది.

ఇంకోటి, స్టిక్కర్ వెనక ఉండే కాగితం. పీకి పారేస్తామే, దాని సంగతి. దానికి సిలికాన్ పూత ఉంటుంది, ఆ పూత వల్లే స్టిక్కర్ దాన్నుంచి తేలిగ్గా ఊడుతుంది. మామూలు పేపరుమిల్లులు ఆ కాగితాన్ని తీసుకోవు. పిన్ని వాళ్లు పెట్టెకి ఇరవై చిన్న స్టిక్కర్లు అంటించినప్పుడల్లా, ఎవరికీ కనపడకుండా ఇరవై ముక్కల చెత్త ఆత్రేయపురంలోనే మిగిలిపోతుంది. పెట్టె చుట్టూ ఒక కాగితం పట్టీ చుట్టి, చివర కాస్త జిగురు రాస్తే ఈ గొడవే లేదు. అచ్చు కూడా ఊళ్లో ఏ ప్రెస్‌లోనైనా అవుతుంది.

కాగితం అనగానే అంతా మంచిదని మాత్రం అనుకోకండి. ప్లాస్టిక్ సీసా మీద కాగితం లేబుల్ అంటిస్తే, రీసైక్లింగ్‌లో సీసాల ముక్కల్ని కడిగేటప్పుడు అది గుజ్జయి ఆ ముక్కల్లో కలుస్తుంది. అక్కడ నీటి మీద తేలే తేలికపాటి ప్లాస్టిక్ లేబులే నయం, సీసా ముక్కలు మునుగుతాయి, లేబుల్ పైకి తేలుతుంది, తీసేయొచ్చు. పీవీసీ తొడుగు వేశారా, అదీ సీసాతోపాటే మునిగి మొత్తం సరుకుని పాడుచేస్తుంది. గాజు సీసాకైతే కాగితం, నీటికి ఊడే జిగురు. అట్టపెట్టెకి లామినేషన్ బదులు నీటి వార్నిష్. నల్ల ట్రేలు అసలు వద్దు, ఇక్కడ మనం వేసే డబ్బాల్లో సరుకుని ఏరే యంత్రాల కళ్లకి ఆ నల్లరంగు కనపడదు. పచ్చళ్లు చిన్నగా చేసేవాళ్ల ఇబ్బంది కూడా నాకు తెలుసు. ప్యాకెట్ మీద నేరుగా అచ్చు వేయించాలంటే వేలల్లో ఆర్డరివ్వాలి, అందుకే ఖాళీ ప్యాకెట్ కొని స్టిక్కర్ వేస్తారు. వాళ్లని తప్పుపట్టను. స్టిక్కర్ సైజు సగం చెయ్యండి, ప్యాకెట్ ఏ రకమో స్టిక్కర్ కూడా అదే రకం తీసుకోండి, అంతే అడుగుతాను.

సగం చెయ్యాలన్నా చట్టం రాయమన్నవన్నీ రాయాలి కదా అంటారు. నిజమే. ఆకుపచ్చ చుక్క, ఇండియా ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే లైసెన్సు నంబరు, బరువు, ధర, తేదీలు, పదార్థాలు. అమెరికాలో మన దాకా రావాలంటే ఇక్కడి పోషకాల పట్టిక, అలర్జీ వివరాలు అదనం. 2023 నుంచి నువ్వులు కూడా ఆ అలర్జీ జాబితాలో చేరాయి కాబట్టి నువ్వుండలకి ఆ ముక్క తప్పదు. (కొబ్బరిని మాత్రం చాన్నాళ్లు బాదం, జీడిపప్పుల కట్టలో పెట్టి, 2025 జనవరిలో తీసేశారు. కోనసీమ వాళ్లు సంబరం చేసుకోవచ్చు.) ఇప్పుడు జరుగుతున్నదేమిటంటే, ఇండియా లేబుల్ మీద అమెరికా లేబుల్ ఇంకోటి అంటిస్తున్నారు. పైది కాస్త వంకరగా పడి కింద తేదీని మూసేస్తుంది. రెండు దేశాల వివరాలూ ఒకే లేబుల్ మీద మొదటే వేయించుకుంటే జాగా సరిపోతుంది, దేవుళ్ల బొమ్మలూ, "నాణ్యతకు మారుపేరు" లాంటివీ కాస్త తగ్గిస్తే.

ప్యాకింగ్ అంటే ఇలా ఉండాలి అని నాకు అనిపించేది అంబాజీపేటలో. పొద్దున్నే పొట్టిక్కలు తిన్నవాళ్లకి తెలుస్తుంది. నాలుగు పనసాకులు, చీపురుపుల్లలతో గుచ్చి చేసిన చిన్న బుట్ట. అందులోనే పిండి పోస్తారు, అందులోనే ఉడుకుతుంది, అందులోనే చేతికిస్తారు. ఆ ఆకు వాసన లేకపోతే అది ఉత్త ఇడ్లీ. తినేశాక ఆకుల్ని పక్కనున్న మేక లాక్కుపోయింది, నా కళ్ల ముందే. ఈ ముచ్చట చెప్తే మనవాళ్లు వెంటనే "అన్నీ ఆకుల్లోనే పంపొచ్చుగా" అంటారు. కుదరదు. పచ్చి ఆకుల్ని ఇక్కడి విమానాశ్రయంలో కరివేపాకుతో సహా తీసి బుట్టలో పడేస్తారు. పాత పేపర్లో పొట్లం కట్టే రోజులు కూడా పోయాయి, అచ్చు సిరా మంచిది కాదని ఇండియాలో 2018 నియమాల్లోనే తిండిపదార్థాలకి న్యూస్‌పేపర్ వాడొద్దన్నారు.

"భూమిలో కలిసిపోయే కవరు" అని ఆకుపచ్చ ఆకు బొమ్మ వేసి అమ్ముతున్నవాటితో కూడా జాగ్రత్త. మొక్కజొన్న పిండితో చేసే రకాల్లో చాలావాటికి 58 డిగ్రీల దాకా వేడి ఉండే ప్రత్యేకమైన ఎరువు కేంద్రాలు కావాలి. కాలవ గట్టు మీద పడేస్తే మామూలు కవరులాగే పడుంటుంది. త్రిభుజంలో అంకె వేసినంత మాత్రాన రీసైకిల్ అవుతుందనీ కాదు. 1988లో ప్లాస్టిక్ పరిశ్రమ వాళ్లు పెట్టుకున్న ఆ అంకె అది ఏ రకం ప్లాస్టిక్కో చెప్తుంది, అంతవరకే. ఆ బాణాల గుర్తుని ఎక్కడపడితే అక్కడ వెయ్యకూడదని కాలిఫోర్నియా 2021లో చట్టమే చేసింది.

ఇక ఇక్కడి మన తెలుగు సంఘం సంగతి. ప్రతి సంక్రాంతికీ వచ్చినవాళ్లకి మిఠాయి పెట్టెలు పంచుతాం, గోదావరి జిల్లాల నుంచే తెప్పిస్తాం. కిందటేడు ఆ పెట్టెల మీద మన సంఘం చిహ్నం బంగారు రేకుతో వేయించాం, స్పాన్సర్ల పేర్లతో విడిగా ఒక స్టిక్కరు అంటించాం. ఆ కమిటీలో నేనూ ఉన్నాను, కాబట్టి ఎవరినీ అనను. ఈసారి ఆర్డరులోనే రాసి పంపుదామని కార్యవర్గం ముందు పెట్టాను. పెట్టె మీద ప్లాస్టిక్ పొర వద్దు. లామినేషన్ వద్దు, బంగారు రేకు వద్దు. లోపల ట్రే వద్దు. రేకుకి బట్టర్ పేపర్, అన్నిటికీ కలిపి ఒక్క సీలు సంచి. పెట్టెకి కాగితం పట్టీ, దాని మీదే స్పాన్సర్ల పేర్లు, దాని మీదే వివరాలు. ఒకరిద్దరు "పెట్టె చూడ్డానికి చీప్‌గా ఉంటుందేమో, స్పాన్సర్లు ఏమనుకుంటారో" అన్నారు. ఓటింగ్ దాకా వెళ్లింది. గట్టెక్కింది, రెండు ఓట్ల తేడాతో.

నిన్న రాత్రి పిన్నికి వాట్సాప్‌లో లిస్టు పంపాను. మొత్తం చదివి ఫోన్ చేసింది. "ఇంతేనా? ట్రే కూడా వద్దా? అయితే పెట్టెకి పదో పదిహేనో తగ్గుతుంది, ఆ డబ్బులకి నెయ్యి ఇంకాస్త వెయ్యమంటావా?" అంది. వెయ్యమన్నాను.