సవరణ: ఎకో నార్మల్ అంటే పూడికలు లేవని కాదు

గుండె స్కాన్‌ల మీద రాసిన గత పోస్టులో "ఎకో నార్మల్‌గా వస్తే గుండెకు ఢోకా లేనట్టే" అనే వాక్యం ఉంది. దాన్ని తీసేశాను. దాని బదులు ఇలా చదువుకోండి: ఎకో అంటే గుండెకు చేసే అల్ట్రాసౌండ్ స్కాన్. విశ్రాంతిలో తీసే ఎకోలో గుండె కండరం ఎలా ముడుచుకుంటోందో, కవాటాలు సరిగ్గా తెరుచుకుని మూసుకుంటున్నాయో తెలుస్తుంది. గుండెకు రక్తం అందించే కరోనరీ నాళాల్లోని పూడికలు మాత్రం నేరుగా కనిపించవు. నాళం 70 శాతం సన్నబడినా, పడుకుని ఉన్నప్పుడు కండరానికి సరిపడా రక్తం అందుతూనే ఉండొచ్చు. నాలుగు మెట్లెక్కితేనే లోటు బయటపడుతుంది. అందుకే నడిస్తే ఛాతీ పట్టేస్తోందనేవాళ్లకు, ఎకో బాగానే ఉన్నా, డాక్టర్లు స్ట్రెస్ ఎకోనో (గుండెకు శ్రమ కలిగించి తీసే ఎకో) సీటీ యాంజియోగ్రామో (కరోనరీ నాళాలను చూపించే సీటీ స్కాన్) రాస్తారు.

ఈఎఫ్ (ఎజెక్షన్ ఫ్రాక్షన్, అంటే గుండె ఒక్కసారి కొట్టుకున్నప్పుడు ఎంత శాతం రక్తాన్ని బయటికి పంపుతోందో చెప్పే అంకె) గురించి కూడా కాస్త వివరం కలిపాను. రిపోర్టులో 60 అని చూసి, గుండె 40 శాతం పాడైందని టెన్షన్ పడేవాళ్లు తక్కువేం కాదు. ఎడమ జఠరికలో (ఒంటికి రక్తం పంపే గుండె గదిలో) 120 మి.లీ. రక్తం నిండి, ఒక్కసారి కొట్టుకున్నప్పుడు 72 మి.లీ. బయటికి వెళ్తే అదే 60 శాతం. ఆరోగ్యంగా ఉన్న గుండె కూడా పూర్తిగా ఖాళీ కాదు! 40, అంతకంటే తక్కువ వస్తే పంపింగ్ తగ్గినట్టు.

కాల్షియం స్కోరు (కరోనరీ నాళాల్లో ఎంత కాల్షియం చేరిందో సీటీ స్కాన్ చూపే అంకె) సున్నా రావడం మంచి కబురే, గత పోస్టులోని ఆ మాట మార్చలేదు. కాకపోతే కాల్షియం చేరని మెత్తటి పూడికలను ఆ స్కాన్ పట్టుకోలేదు.

ఇప్పటికిప్పుడు ఛాతీ నొప్పి వస్తుంటే ఇవేవీ ఆలోచించకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. అక్కడ ముందు చేసేవి ఈసీజీ, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రోటీన్) రక్త పరీక్ష.