కొట్టని కొబ్బరికాయ

మొన్న ఆదివారం సంగతి. చెవుల మంట ఇంకా తగ్గలేదు.

మేముండేది ఒడిశాలోని జయపురంలో. మా బావమరిది ఫోన్‌లో వేక్‌బోర్డింగ్ (బోటు వెనక తాడు పట్టుకుని, పలక మీద నిలబడి అలల మీద జారడం) వీడియోలు చూసీ చూసీ, చివరికి నలుగురం చందాలేసుకుని గోవా నుంచి సెకండ్ హ్యాండ్ వేక్ బోటు తెప్పించాం. అప్పు, ట్రైలరు, అనుమతి కాగితాలు... అవన్నీ తలచుకుంటే బీపీ పెరుగుతుంది, వదిలేద్దాం. మొత్తానికి కొలాబ్ జలాశయంలో దించాం.

అమ్మినాయన నేర్పిన డ్రైవింగ్ మొత్తం ఒక్క ముక్క: "కారులాగే సార్, ఈజీ." ముందుకు పోయేటప్పుడు నిజమే. రెండు రౌండ్లు కొట్టాను. ఆ ఊపులో బావమరిది అలలు పెద్దవి రావాలని బరువు ట్యాంకుల స్విచ్ నొక్కాడు. బోటు ఎంత మునిగితే వెనక అల అంత లేస్తుందట. అలా ఓ తొమ్మిది వందల కిలోల నీళ్ళు ఎక్కించుకుని, పూజకని రేవుకి తిప్పాం.

రేవు మాకు ఎడమవైపు. అక్కడ మా మామగారు, పట్టుపంచెలో, ఒక చేత్తో హారతి పళ్ళెం, చంకలో కొబ్బరికాయ. ఈ బోటుకి బ్రేకు ఉండదు, రివర్స్ వేసే ఆపాలి. వేశాను. ముక్కు మామగారి వైపు, తోక కుడివైపు జలాశయం మధ్యకి! స్టీరింగ్ పూర్తిగా తిప్పాను. కరెంటు లేనప్పుడు సీలింగ్ ఫ్యాన్ రెగ్యులేటర్ తిప్పినంత ఫలితం. తర్వాత తెలిసింది: చుక్కాని పనిచేసేది ప్రొపెల్లర్ నీళ్ళు దానిమీదికి తోసినప్పుడే, రివర్స్‌లో ఆ నీళ్ళు దానిమీదికి రాకుండా ముందువైపుకి పోతాయి. పైగా ఒకటే ప్రొపెల్లర్ కదా, రివర్స్‌లో తోకని ఒక పక్కకే లాగుతుంది. మాది కుడికి. రేవుని కుడివైపు పెట్టుకుని వచ్చుంటే అదే తోక పెంపుడు కుక్కలా గట్టుకి అతుక్కునేదట. ఈ ముక్క గోవా ఆయన చెప్పడానికి ఎన్ని రూపాయలు ఖర్చయ్యేవి?

బోటు గుండ్రంగా తిరుగుతోంది. ముక్కు ఎటు వస్తే మామగారు అటు పరుగు, కర్పూరం ఆరిపోకుండా అరచెయ్యి అడ్డుపెట్టి. ఆ చివర. ఈ చివర. మళ్ళీ ఆ చివర. రెండోసారి నేను ముందుకి గేరు వేసి దగ్గరికి పోయి మళ్ళీ రివర్స్ వేశాను. ఎందుకేశానో నన్నడక్కండి. మూడోసారికి ఆయన పరుగు ఆపేసి, రేవు మధ్యలో నిలబడి, "అల్లుడుగారూ, మీరు ఎటొస్తారో ముందు తేల్చుకోండి" అన్నారు. కర్పూరం ఆరిపోయింది.

ఈలోగా పక్కనుంచి నాటుపడవలో వలలు తీసుకుపోతున్న ఒకాయన ఆగి, తాడు కట్టే మా ఎత్తైన టవరునీ, స్పీకర్లనీ, నన్నూ తీరిగ్గా చూసి, "తెడ్డు కావాలా బాబూ?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే ఇవ్వబోయాడు. అదే ఎక్కువ బాధ. చివరికి తాడు అందుకుని, ఆయనా ఇంకో ఇద్దరూ కలిసి లాగి కట్టేశారు. మూడు టీలు, మూడు సమోసాలతో సరిపోయింది. 

రాత్రి గోవాకి ఫోన్ చేశాను. "రివర్స్‌లో కారులాగా కాదు సార్, అందరికీ తెలిసిందే కదా" అన్నాడు.

ఆ కొబ్బరికాయ ఇవాళ పొద్దున ఇడ్లీల్లోకి పచ్చడైంది. నేను కారప్పొడితో తిన్నాను.